ముందు కాగితం, తర్వాత మాట



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆమె పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. పుస్తకంగా అచ్చయ్యాక అట్ట మీదా ఉంటుంది. నా నోటికి మాత్రం ఆమె ఎప్పటికీ మేడమ్. ఆమె దగ్గర చదువుకున్న ఎవరికైనా అంతే. అందుకని ఈ గంటసేపూ అలాగే పిలుస్తాను.

మేడమ్ ఉద్యోగమంతా ప్రభుత్వాసుపత్రి ఓపీలోనే గడిచింది. క్లినికల్ సైకాలజిస్టు అనగానే మెత్తటి కుర్చీ, నిశ్శబ్దమైన గది ఊహించుకుంటారు. ఆమె గది అలా ఉండేది కాదు. సగం రోజు సర్టిఫికెట్ల మీదే పోయేది. సదరం సర్టిఫికెట్ కోసం బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లులు, బినే-కామత్ తెలివితేటల పరీక్షలో మార్కు ఎంత వస్తే పింఛను వస్తుందో ముందే ఎవరి నోటో విని వచ్చినవాళ్ళు, వరండా పొడవునా ఉండేవారు. "కాగితం కోసం వచ్చినవాళ్ళు కాగితానికి సరిపోయే కథే చెబుతారు. అది వాళ్ళ తప్పు కాదు, కాగితం మన చేతిలో ఉండడం వల్ల వచ్చిన ఇబ్బంది" అని మాకు చెప్పేవారు.

శస్త్రచికిత్సకు సర్టిఫికెట్ కావాలని ట్రాన్స్ మహిళలు ఆమె దగ్గరికి రావడం మొదలైనప్పుడు ఆ మాటనే ఆచరణలో పెట్టారు. మొదటి రోజే, ఎదుటి మనిషికి తనేం అడుగుతోందో, దాని ఫలితాలేమిటో తెలుసని నిర్ధారించుకోగానే, "మీ కాగితం ఇస్తాను. దాని గురించి ఇక దిగులు వద్దు. ఇప్పుడు మీకు ఇష్టమైతే మాట్లాడుకుందాం" అనేవారు. చాలామంది ఆ రోజు కాగితం తీసుకుని వెళ్ళిపోయేవారు. కొందరు మాత్రం మర్నాడు, వారం తర్వాత, కాగితంతో పనిలేకుండా తిరిగి వచ్చేవారు. అసలు వైద్యం అప్పుడు మొదలయ్యేది.

మేడమ్ ఓపీలో చేసిన ఈ పనినే, ఆమెకు పరిచయం లేని మరొక క్లినికల్ సైకాలజిస్టు మరో ఖండంలో, పరిశోధనలతోనూ వైద్య నియమాలతోనూ పాతికేళ్ళకు పైగా చేస్తూ వచ్చారు. నెదర్లాండ్స్‌లో పుట్టి, అమెరికాలో పనిచేసిన వాల్టర్ బాక్టింగ్ ఆయన. ఆయన జీవితచరిత్ర చెప్పడం ఈ రోజు నా ఉద్దేశం కాదు. నాకు చెప్పాలని ఉన్నది ఒక్కటే: అనుమతి ఇచ్చే అధికారం మన చేతిలో ఉన్నంతవరకు మనకు నిజం వినబడదు, నిజం వినబడనంతవరకు మనం చేసేది వైద్యం కాదు. ఆయన పనిని ఆధారం చేసుకుని దీన్ని మెట్టుమెట్టుగా చెబుతాను.

1

ముందు ఈ అధికారం మన చేతికి ఎలా వచ్చిందో చూద్దాం.

బెర్లిన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన హ్యారీ బెంజమిన్ అనే డాక్టరు 1966లో ట్రాన్స్‌సెక్సువల్ వ్యక్తుల గురించి ఒక పెద్ద పుస్తకం ప్రచురించారు. అదే ఏడాది జాన్స్ హాప్కిన్స్‌లో జెండర్ క్లినిక్ తెరిచారు, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోనూ శస్త్రచికిత్సల కార్యక్రమం మొదలైంది. 1979లో బెంజమిన్ పేరుతోనే ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు పాల్ వాకర్ కూడా మన వృత్తివాడే, సైకాలజిస్టు. ఆ సంఘం మొదటిసారిగా వైద్య ప్రమాణాలు రాసింది. హార్మోన్లకు ఒక మానసిక నిపుణుడి సిఫార్సు ఉత్తరం, శస్త్రచికిత్సకు ఇద్దరివి కావాలంది. శస్త్రచికిత్సకు ముందు ఏడాదిపాటు తాను కోరుకున్న లింగంలో బతికి చూపించాలంది.

ఆ నియమాలు రాసినవాళ్ళది చెడ్డ ఉద్దేశమని నేననను. డబ్బుకోసం ఎవరికి పడితే వాళ్ళకు ఆపరేషన్ చేసే సర్జన్లు ఉన్న కాలం అది. పరువున్న ఆసుపత్రులు భయంతో వెనకాడుతున్నాయి. ఒక నియమావళి ఉంటే సర్జన్‌కు ధైర్యం, రోగికి రక్షణ అనుకున్నారు. కానీ ఆ ఉత్తరంతోపాటు సైకాలజిస్టు వచ్చి ద్వారం దగ్గర నిలబడ్డాడు. లోపలికి ఎవరు పోవాలో చెప్పేది అతనే.

తర్వాత ఏం జరిగిందో ట్రాన్స్ మేధావి శాండీ స్టోన్ 1980ల చివర్లో రాసిన వ్యాసంలో స్పష్టంగా చెప్పారు. క్లినిక్‌లకు వచ్చేవాళ్ళందరి జీవితకథలూ బెంజమిన్ పుస్తకంలో ఉన్నట్టే ఉండేవి. డాక్టర్లు దాన్ని తమ సిద్ధాంతానికి రుజువు అనుకున్నారు. వచ్చేవాళ్ళు కూడా ఆ పుస్తకం చదివే వస్తున్నారని గుర్తించడానికి వాళ్ళకు ఏళ్ళు పట్టింది. చిన్నప్పటినుంచీ ఒకే రకమైన బాధ, ఒకే రకమైన కోరిక, సందేహమన్నది లేని నిశ్చయం. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా ఉత్తరం రాదని తెలిసిన మనిషి ఇంకేం చెబుతుంది? ఆ కథలే మళ్ళీ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. ఆ పాఠ్యపుస్తకాలతో తర్వాతి తరం వాళ్ళను పరీక్షించాం. పీజీ విద్యార్థులు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి: ఒక రంగంలోని జ్ఞానమంతా భయపడుతున్న మనుషుల నోటినుంచి సేకరించినదైతే, దాన్ని ఎన్నిసార్లు లెక్కకట్టినా తేలేది ఆ భయమే.

2

పుస్తకంలో లేని మనుషులు నిజంగానే ఉన్నారు. వాళ్ళలో ఒకరి పేరు చెప్పాలి. లూ సల్లివన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండిన ట్రాన్స్ పురుషుడు. పుట్టుకతో ఆడపిల్లగా నమోదైన ఆయన తాను మగవాణ్ణని, తనకు మగవాళ్ళంటేనే ఇష్టమని దాచకుండా చెప్పారు. 1980లో స్టాన్‌ఫర్డ్ క్లినిక్ ఆయన్ను తిప్పిపంపింది. మగవాడిగా మారాలనుకునే మనిషి ఆడవాళ్ళను ప్రేమించాలి కదా అన్నది అప్పటి లెక్క. అబద్ధం చెప్పి ఉంటే దారి దొరికేది, నిజం చెప్పినందుకు మూసుకుపోయింది. ఆయన వేరే చోట చికిత్స పొందారు, తనలాంటివాళ్ళకోసం జీవితాంతం పోరాడారు, 1991లో ఎయిడ్స్‌తో మరణించారు.

బాక్టింగ్ తొలి పరిశోధనలు సరిగ్గా ఇక్కడే మొదలయ్యాయి. 1988లో మిన్నెసోటాలో ఈలై కోల్‌మన్‌తో కలిసి ఆయన ప్రచురించినది ఒకే ఒక్క వ్యక్తి కథ. లింగమార్పిడికి ముందు లోకం దృష్టిలో మగవాణ్ణి ప్రేమించే స్త్రీగా ఉండి, తర్వాత మగవాణ్ణి ప్రేమించే పురుషుడైన మనిషి కథ అది. 1993లో మరో పరిశోధనలో అలాంటివాళ్ళు తొమ్మిదిమందితో మాట్లాడారు. తొమ్మిది చిన్న సంఖ్య. గణాంకాలు నేర్చుకున్న విద్యార్థి పెదవి విరుస్తాడు. అయితే, అలాంటివాళ్ళు ఉండరని ఒక శాస్త్రం అన్నాక, ఉన్నారని చూపించడానికి తొమ్మిదిమంది చాలు.

ఆ పరిశోధనలో నాకు బాగా నచ్చినది అందులో ఎంచుకున్న మనుషులు. వాళ్ళు అప్పటికే చికిత్స పూర్తయినవాళ్ళు. ఎదురుగా కూర్చున్న నిపుణుడి దగ్గర వాళ్ళకు ఇంకేమీ అవసరం లేదు. అందుకే తాము ఎవరిని ప్రేమిస్తున్నదీ నోరారా చెప్పగలిగారు.

3

బాక్టింగ్ పనిచేసిన మినియాపొలిస్‌కు ట్రాన్స్ హక్కుల విషయంలో ఒక చరిత్ర ఉంది. ట్రాన్స్ వ్యక్తుల పట్ల వివక్షను నిషేధిస్తూ 1975లోనే ఆ నగరం శాసనం చేసింది. అమెరికాలో ఆ పని చేసిన తొలి నగరం అదే. 1993లో మిన్నెసోటా రాష్ట్రం కూడా అలాంటి చట్టం చేసింది, రాష్ట్రాల్లో అదే మొదటిది. అక్కడి విశ్వవిద్యాలయంలో బాక్టింగ్ రెండు దశాబ్దాలకు పైగా పనిచేశారు.

1990లు హెచ్ఐవీ భయంలో గడిచిన దశాబ్దం. ట్రాన్స్ మహిళల్లో జబ్బు వ్యాపిస్తోంది, కరపత్రాలేమో గే పురుషుల కోసం రాసినవి. బాక్టింగ్ బృందం ట్రాన్స్ సమాజం వాళ్ళను గుంపులుగా కూర్చోబెట్టి, మీకేం కావాలని అడిగింది. 1998లో అచ్చయిన ఆ నివేదికలోని విషయాలు నేను మొదటిసారి చదివినప్పుడు మన హైదరాబాద్, విజయవాడ, విశాఖలలోని మనుషులే కళ్ళముందు కనిపించారు. ప్రమాదానికి కారణాలుగా వాళ్ళు చెప్పినవి: సిగ్గు, ఒంటరితనం, రహస్యం, బతుకుతెరువుకు సెక్స్ వర్క్, దొంగచాటుగా వేసుకునే హార్మోన్ ఇంజెక్షన్లకు ఒకే సూదిని పంచుకోవడం. వీటితోపాటు ఇంకో కారణం చెప్పారు. నన్ను ఆడదానిగా ఒక్కరైనా గుర్తిస్తే చాలన్న ఆరాటంలో కండోమ్ గురించి అడగలేకపోవడం. దీన్ని ఏ సిఫార్సు ఉత్తరం కోసం వచ్చిన మనిషీ సైకాలజిస్టుతో చెప్పదు. చెబితే, ఈమెకు ఆత్మగౌరవం తక్కువ, నిర్ణయశక్తి లేదు అని ఫైల్లో రాస్తామేమోనన్న భయం. వాళ్ళే ఉపాయమూ చెప్పారు: మాలో వాళ్ళచేతే మాకు చెప్పించండి, మేమెవరమో ఒప్పుకుని తర్వాత జబ్బు గురించి మాట్లాడండి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళి, ఒక పెద్ద పేరు తలుచుకోవాలి. రోర్షాక్ కార్డులు పట్టుకోవడం మాకు నేర్పిన రోజే మేడమ్ ఎవెలిన్ హుకర్ గురించి చెప్పారు. లాస్ ఏంజెలస్‌లో పనిచేసిన హుకర్, గే పురుషులంతా మానసిక రోగులేనని లోకం అంటున్న కాలంలో, వాళ్ళను ఆసుపత్రుల్లోనో జైళ్ళలోనో వెదకలేదు. మామూలుగా బతుకుతున్న ముప్పైమందిని, వాళ్ళకు వయసులో, చదువులో, తెలివితేటల్లో సరితూగే, గే కాని మరో ముప్పైమందిని తీసుకుని పరీక్షలు పెట్టారు. ఎవరి జవాబులు ఎవరివో చెప్పకుండా బ్రూనో క్లోఫర్ లాంటి ఆ పరీక్షల దిగ్గజాల ముందు ఉంచితే, ఎవరు గే అన్నది వాళ్ళు తేల్చలేకపోయారు. 1957లో ఆ వ్యాసం అచ్చయింది. 1973లో అమెరికా సైకియాట్రీ సంఘం స్వలింగ ప్రేమను రోగాల జాబితా నుంచి తొలగించడానికి వేసిన పునాదుల్లో అదొకటి. రోగులను మాత్రమే చూసి రాసిన శాస్త్రానికి రోగులు కానివాళ్ళను చూపించారామె.

బాక్టింగ్, ఆయన సహచరులు ఇంటర్నెట్ ద్వారా చేసిన సర్వేను నేను ఆ పనికి కొనసాగింపుగా చూస్తాను. 1,093 మంది ట్రాన్స్ వ్యక్తులు తమ ఇంట్లో కూర్చుని, పేరు చెప్పకుండా, ఎవరి దగ్గరా ఏమీ ఆశించకుండా జవాబులిచ్చారు. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. 44.1 శాతం మందిలో డిప్రెషన్, 33.2 శాతం మందిలో ఆందోళన కనిపించాయి. ఈ రెండు అంకెలు మాత్రమే తీసుకుని, చూశారా, వీళ్ళకు మానసిక జబ్బు ఉన్నట్టే కదా అనేవాళ్ళు మన సదస్సుల్లోనే తగిలారు. దయచేసి ఆ వ్యాసంలో తర్వాతి వాక్యం కూడా చదవండి. సమాజం నుంచి ఎదురైన ఛీత్కారం ఎంత ఎక్కువైతే వేదన అంత ఎక్కువ. తనలాంటి ట్రాన్స్ మిత్రుల తోడు ఉన్నవాళ్ళలో ఆ ఛీత్కారం ప్రభావం తగ్గింది.

2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన మెక్సికో నగరపు అధ్యయనం కూడా ఇదే చెప్పింది. రెబెకా రోబ్లెస్ బృందం 250 మంది ట్రాన్స్ వ్యక్తులను కలిసి, వాళ్ళ వేదనకు కారణం పుట్టుకతో నమోదైన లింగంతో పొసగకపోవడమా, లేక వాళ్ళు పడిన తిరస్కారం, హింసా అని వేరుచేసి చూసింది. వేదనతో గట్టి సంబంధం కనిపించింది తిరస్కారానికి, హింసకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో ఈ పొసగకపోవడాన్ని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి తీసి లైంగిక ఆరోగ్యం అధ్యాయంలో పెట్టింది. ఆ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అంటే, కొన్ని దశాబ్దాలపాటు మన వృత్తి జబ్బును మనిషిలో వెదికింది. అది ఉన్నది వాళ్ళను గెంటేసిన ఇంట్లో, బడిలో, పోలీస్ స్టేషన్లో, బాధగా చెబుతున్నాను, మన ఓపీ క్యూలో కూడా.

4

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు దగ్గరికి వచ్చాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బెంజమిన్ పేరున్న సంఘం తర్వాత పేరు మార్చుకుని, మనం డబ్ల్యూపాథ్ అని పిలిచే ప్రపంచ వృత్తిసంఘంగా మారింది. 2009 నుంచి 2011 వరకు బాక్టింగ్ దానికి అధ్యక్షుడు. 2010 మే నెలలో, పుట్టుకతో నమోదైన లింగానికి భిన్నంగా ఉండడం మానవజాతిలో, అన్ని సంస్కృతుల్లో కనిపించేదేనని, దాన్ని రోగంగా చూడడం మానాలని ఆ సంఘం ప్రకటించింది. 2011లో విడుదలైన ఏడో కూర్పు ప్రమాణాలకు ప్రధాన రచయిత కోల్‌మన్, ఆయన తర్వాతి పేరు బాక్టింగ్‌ది. అదే ఏడాది అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఎల్‌జీబీటీ సమాజాల ఆరోగ్యంపై ఇచ్చిన నివేదిక కమిటీలోనూ ఆయన సభ్యుడు.

ఏడో కూర్పు చేసిన మార్పుల్లో ఒకదాన్ని చెబుతాను. హార్మోన్లకు గానీ శస్త్రచికిత్సకు గానీ ముందుగా సైకోథెరపీ చేయించుకుని తీరాలన్న షరతు ఉండకూడదని చెప్పింది. థెరపీ మంచిదేనంది, కావాలనుకున్నవాళ్ళకు అందుబాటులో ఉండాలంది, కానీ చికిత్సకు తాళంచెవిగా వాడొద్దంది. ఉత్తరాలు పూర్తిగా పోలేదు. 2022లో వచ్చిన ఎనిమిదో కూర్పులో పెద్దవాళ్ళ శస్త్రచికిత్సకు రెండు ఉత్తరాల స్థానంలో ఒకటే మిగిలింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. వడపోత తీసేస్తే, తొందరపడి చేయించుకుని తర్వాత పశ్చాత్తాపపడేవాళ్ళ సంగతేమిటి? ఈ ప్రశ్న అడిగేవాళ్ళందరూ ద్వేషంతో అడగరు. తల్లులు అడుగుతారు, మంచి సర్జన్లు అడుగుతారు. దీనికి జవాబు చెప్పకుండా దాటిపోవడం తప్పు.

నా అనుభవంలోంచి చెబుతాను. ఒక ట్రాన్స్ యువకుడు టెస్టోస్టెరాన్ కోసం వచ్చాడు. ఆనవాళ్ళు దొరక్కుండా వివరాలు మార్చాను. మొదటి రెండు రోజులూ చదువుకొచ్చిన పాఠంలా మాట్లాడాడు. అన్నీ కావాలన్నాడు, దేనికీ సందేహం లేదన్నాడు. మేడమ్ నేర్పిన పద్ధతిలో, నీ కాగితానికి అడ్డు లేదు అని చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "సార్, నేను పాడతాను. గొంతు మారిపోతుందంటే భయంగా ఉంది. ఇది చెబితే నాకు నిజంగా అవసరం లేదని అనుకుంటారేమోనని చెప్పలేదు" అన్నాడు. టెస్టోస్టెరాన్‌తో లావైన గొంతు మందు ఆపినా వెనక్కి రాదు. ఈ సంగతి అతను నిర్ణయానికి ముందే తెలుసుకోవాలి, పాట నేర్పిన గురువుతో మాట్లాడాలి, మందు ఎప్పుడు మొదలుపెట్టాలో, అసలు మొదలుపెట్టాలో లేదో తనే తేల్చుకోవాలి. ఆ సంభాషణ జరిగింది. కాగితం ఇంకా నా సొరుగులో ఉందన్న భయంతో అతను కూర్చుని ఉంటే జరిగేది కాదు.

సందేహం ఉన్న మనిషికే మన అవసరం ఎక్కువ. ద్వారం దగ్గర కాపలా ఉన్నప్పుడు అందరికంటే జాగ్రత్తగా నోరు మూసుకునేది కూడా ఆ మనిషే. పశ్చాత్తాపం రాకుండా కాపాడాలనుకునే డాక్టరు ముందుగా కోరుకోవాల్సింది ఆ సందేహం బయటికి రావడం. కాపలా దాన్ని లోపలికే తోసేస్తుంది. రక్షణ పేరుతో పెట్టిన ఏర్పాటే రక్షణకు అడ్డుపడుతోందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అలాగని ఏ విచారణా అక్కర్లేదని కాదు. గుండె ఆపరేషన్‌కైనా, కిడ్నీ దానానికైనా రోగికి విషయం అర్థమైందా, ఎవరి బలవంతమైనా ఉందా, తీవ్రమైన మానసిక వ్యాధి ఏదైనా నిర్ణయశక్తిని దెబ్బతీస్తోందా అని చూస్తాం. ఇక్కడా అంతే చూడాలి. అంతకుమించి, నువ్వు నిజమైన స్త్రీవేనా అని తేల్చే పరీక్ష మన దగ్గర లేదు, ఏ కార్డుల పెట్టెలోనూ లేదు.

నేను మాట్లాడుతున్నది పెద్దవాళ్ళ గురించి. పిల్లల విషయంలో మందులు ఎప్పుడు, ఎంతవరకు అన్నదానిపై వైద్యలోకంలో తీవ్రమైన చర్చ నడుస్తోంది. ఇంగ్లండ్‌లో హిలరీ కాస్ నివేదిక 2024లో వచ్చాక ఆ దేశం తన పద్ధతే మార్చుకుంది. ఆ చర్చకు వేరే ఉపన్యాసం కావాలి. పిల్లల మాటా భయపెట్టకుండా వినాలన్నది మాత్రం రెండు పక్షాలకూ వర్తిస్తుంది.

5

నాన్-బైనరీ వ్యక్తుల గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే ఇప్పటిదాకా చెప్పినదంతా వాళ్ళకు రెట్టింపుగా వర్తిస్తుంది. పాత పద్ధతిలో గమ్యాలు రెండే. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరి, ఎవరికీ తెలియకుండా కలిసిపోవడమే విజయం. ఆడా మగా రెండూ కాదనుకునే మనిషి ఉత్తరం కోసం ఏదో ఒక ఒడ్డు పేరు చెప్పక తప్పేది కాదు. లింగం రెండే అన్న చూపునుంచి వైవిధ్యమన్న చూపుకు థెరపీ ఎలా మారాలో బాక్టింగ్ 2008లోనే రాశారు. 2015లో అమెరికాలో 27,715 మంది పాల్గొన్న సర్వేలో మూడోవంతుకు పైగా తాము నాన్-బైనరీ అన్నారు. భయం తగ్గగానే అంతమంది కనిపించారు. ఎనిమిదో కూర్పు ప్రమాణాల్లో వాళ్ళకు ప్రత్యేక అధ్యాయం ఉంది.

6

ఇక మన సంగతి.

2011 జనాభా లెక్కల్లో ఆడా మగా కాకుండా ఇతరులుగా నమోదైనవాళ్ళు దేశంలో 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. అసలు సంఖ్య ఎక్కువే ఉంటుందని క్షేత్రంలో పనిచేసే ఎవరికైనా తెలుసు. హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫసలీలో వచ్చిన చట్టం వీళ్ళను పుట్టు నేరస్థుల్లా రిజిస్టర్లో ఎక్కించమంది. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. అంటే మొన్న.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ఎవరి లింగాన్ని వాళ్ళే చెప్పుకోవచ్చంది, శస్త్రచికిత్స చేయించుకుంటేనే గుర్తిస్తామనడం చట్టవిరుద్ధమంది. అదే తీర్పులో శరీర పరీక్షకంటే మానసిక పరీక్షకు ప్రాధాన్యమిస్తామన్న మాట కూడా ఉంది. దాన్ని పట్టుకుని సైకాలజిస్టు సర్టిఫికెట్ తెమ్మని మనుషులను తిప్పిన ఆఫీసులను నేను చూశాను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు వైద్య పరీక్ష లేకుండా అఫిడవిట్ మీదే గుర్తింపు ఇవ్వాలని చెప్పాకా ఆ తిప్పడం వెంటనే ఆగలేదు.

2019 నాటి ఆ చట్టం పదిహేనో సెక్షన్లో, శస్త్రచికిత్సల విషయంలో ప్రభుత్వం డబ్ల్యూపాథ్ మార్గదర్శకాలకు అనుగుణంగా ఒక ఆరోగ్య కరదీపిక తేవాలని రాసి ఉంది. బాక్టింగ్ పేరు విననివాళ్ళ జీవితాల్లోకి కూడా ఆయన సహరచయితగా ఉన్న ప్రమాణాలు ఆ ఒక్క వాక్యంతో వచ్చాయి. అందుకే వాటిని మనం చదవాలి, మన ఓపీకి తగినట్టు మలుచుకోవాలి.

మలుచుకోవడంలో మన దగ్గర లేనివి చాలా ఉన్నా, మన దగ్గరే ఉన్నదొకటి ఉంది. 2013 పరిశోధన తేల్చిన తోటివాళ్ళ తోడు హిజ్రాల గురుశిష్య కుటుంబాలైన మన జమాత్‌లలో తరతరాలుగా ఉంది. ఇంటినుంచి గెంటేసిన పిల్లకు గురువు అన్నం పెట్టింది, పేరు పెట్టింది, నిర్వాణం అనే సంప్రదాయ శస్త్రచికిత్స తర్వాత పక్కన కూర్చుని నలభై రోజులు చూసుకుంది. రేవతి ఆత్మకథ చదవండి. పి. సత్యవతి గారి తెలుగు అనువాదం 'ఒక హిజ్రా ఆత్మకథ'కు 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. అందులో ఆ ఆదరణా ఉంది, ఆ వ్యవస్థలోని కట్టడీ, నొప్పీ ఉన్నాయి. జమాత్ నుంచి బయటికి వచ్చేయ్ అన్నదే తొలి సలహాగా ఇచ్చే సైకాలజిస్టు, ఆ మనిషికున్న ఒకే ఒక్క మందును లాగేసుకుంటున్నాడు. ట్రాన్స్ పురుషులకైతే అలాంటి సంప్రదాయ నీడ కూడా లేదు. వాళ్ళకు తోటివాళ్ళను కలిపే పని మనం ప్రత్యేకంగా చెయ్యాలి.

నమ్మకం ఎలా వస్తుందో హైదరాబాద్ నారాయణగూడలో 2021 జనవరిలో మొదలైన మిత్ర్ క్లినిక్ చూపించింది. అక్కడ డాక్టరు, కౌన్సిలర్ ట్రాన్స్ సమాజం వాళ్ళే. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్లయ్యారు. ఇద్దరూ ట్రాన్స్ మహిళలు. 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం నిలిపెయ్యగానే, ఆ సాయంతో నడుస్తున్న మిత్ర్ మూతపడింది. తర్వాత దేశీయ దాతల సాయంతో మరో పేరుతో మళ్ళీ తెరుచుకుంది. వాషింగ్టన్‌లో ఒక సంతకంతో నారాయణగూడలో హార్మోన్ మోతాదు ఆగిపోవడం ఎవరి దాతృత్వం మీద ఆధారపడ్డామో చెబుతోంది. ఈ వైద్యం మన ప్రభుత్వాసుపత్రి బడ్జెట్లో ఉండాలి.

మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ 2021లో ఒక స్వలింగ జంట కేసులో తీర్పు రాయడానికి ముందు, తనకు ఈ విషయం సరిగా తెలియదని చెప్పి స్వయంగా ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. మనిషి ప్రేమను, లింగ గుర్తింపును బలవంతంగా మార్చాలని చూసే కన్వర్షన్ థెరపీలను నిషేధించాలన్న ఆయన ఆదేశాల తర్వాతే, 2022లో జాతీయ వైద్య కమిషన్ వాటిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. న్యాయమూర్తికి తీరిక దొరికినప్పుడు ఎం.ఫిల్. విద్యార్థికి ఎందుకు దొరకదు? రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపున్న ప్రతి శిక్షణ కేంద్రంలోనూ ట్రాన్స్ వ్యక్తులు వచ్చి పాఠం చెప్పే తరగతులు ఉండాలి. వాళ్ళు కేసులుగా రాకూడదు, జీతం తీసుకునే అధ్యాపకులుగా రావాలి.

ఈ ధర్మనిధి నిర్వాహకులకు, మేడమ్ పిల్లలకు ఒక విన్నపం చేస్తాను. ఉపన్యాసం ఏడాదికి ఒక్కరోజు. నిధి వడ్డీలో మిగిలిన సొమ్ముతో ఈ విభాగం ఓపీలో వారానికి రెండు రోజులు ట్రాన్స్ సమాజం నుంచే ఒక కౌన్సిలర్‌ను నియమించండి. గౌరవ వేతనం అని చేతిలో కొంత పెట్టి పంపొద్దు. తక్కిన సిబ్బందికి ఇచ్చినంత ఇవ్వండి, హాజరు పట్టీలో పేరు రాయండి, వాళ్ళు కోరుకున్న పేరే రాయండి. మొదటిసారి వచ్చినవాళ్ళు ముందుగా ఆ కౌన్సిలర్‌ను కలవాలి, తర్వాతే మాలాంటివాళ్ళను. మేడమ్ గది ఇప్పుడు స్టోర్‌రూమ్‌గా ఉందని విన్నాను. దాన్ని ఖాళీ చేయించే బాధ్యత విభాగాధిపతి గారు తీసుకుంటే, రంగులకూ బల్లలకూ అయ్యే ఖర్చు ఆమె శిష్యులం మేం పెట్టుకుంటాం.